కుడి కాలికి అల్ట్రాసౌండ్, ఎడమ కాలికి ఏమీ లేదు

తిరుమల కొండ నడిచి ఎక్కుతానని మొక్కుకుని ఉంటే సరిపోయేది. నడిచి దిగుతానని కూడా ఎందుకు కలిపానో ఇప్పటికీ అర్థం కాదు. మా వాడు టెన్త్ గట్టెక్కితే చాలు స్వామీ అనుకున్న రోజుల్లో, బేరం గట్టిగా ఉండాలని నోరు జారినట్టున్నాను. వాడు గట్టెక్కాడు, ఇంటర్‌లో చేరాడు. నా మొక్కు మాత్రం ఇవాళ రేపు అంటూ వాయిదాలు పడి, చివరికి 2025 ఫిబ్రవరి 15, శనివారం నాడు మొదలై ఆదివారంతో తీరింది.

మాది నెల్లూరు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. వయసు 46. వ్యాయామం అంటే బోర్డుకీ బెంచీలకీ మధ్య తిరగడమే. నాకు తోడు వచ్చింది మా సోషల్ టీచర్. ఆవిడకి 52. రెండు మూడు నెలలకోసారి కొండెక్కి దిగే మనిషి.

శుక్రవారం రాత్రి బస్సెక్కాం. అలిపిరిలో సామాను కౌంటర్‌లో ఇచ్చేసి (పైకి ఉచితంగానే చేరుస్తారు), పాదాల మండపం దగ్గర కొబ్బరికాయ కొట్టి, పొద్దున ఆరుకి మొదలుపెట్టాం. 3,550 మెట్లు. పదిన్నరకల్లా పైన ఉన్నాం. ఆయాసపడ్డాను, చెమటకి జాకెట్టు తడిసిపోయింది, గాలిగోపురం దగ్గర ఇక నావల్ల కాదని అరుగు మీద కూలబడ్డాను. కాళ్ళకి మాత్రం ఏమీ కాలేదు. రాత్రికి దర్శనం అయింది.

ఆదివారం ఉదయం ఏడుకి దిగడం మొదలుపెట్టాం. దిగేటప్పుడు ఆయాసమే లేదు. కబుర్లు చెప్పుకుంటూ, ఎదురుగా రొప్పుతూ ఎక్కేవాళ్ళని చూసి జాలిపడుతూ దిగాను. అసలు సంగతి గాలిగోపురం దాటాక తెలిసింది. మెట్లలో సగానికి పైగా గాలిగోపురం కిందే ఉంటాయి, అదీ నిటారుగా. ఎక్కేటప్పుడు ఆ భాగాన్ని కొత్త కాళ్ళతో ఎక్కేస్తాం. దిగేటప్పుడు అదే ఆఖర్న వస్తుంది. చివరి ఐదారు వందల మెట్ల దగ్గర తొడలు గజగజలాడాయి. ఆగి నిలబడితే మోకాళ్ళు వాటంతట అవే ఆడుతున్నాయి. తొమ్మిదిన్నరకి అలిపిరిలో కాలు పెట్టాం. మూడు గంటలు బస్సులో కూర్చుని ఇంటికొచ్చి, "ఏం కాలేదత్తయ్యా, పువ్వులా దిగొచ్చాను" అని గొప్పలు కూడా పోయాను. ఆ రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

సోమవారం పొద్దున మంచం దిగబోతే కాళ్ళు నావి కావనిపించింది. తొడల ముందు భాగం, పిక్కలు, రాత్రంతా ఎవరో రోకలితో దంచినట్టున్నాయి. అయినా సెలవు పెట్టే మనసు లేక స్కూలుకి వెళ్ళాను. మా ఎనిమిదో తరగతి మేడ మీద. 22 మెట్లు. ఎక్కడం ఫర్వాలేదు, కమ్మీ పట్టుకుని ఎక్కేశాను. దిగడమే నరకం. తిన్నగా దిగితే మోకాలు మడత పడిపోతోంది. పీతలా పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి దిగుతుంటే కింద పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వుతున్నారు. సరిగ్గా అప్పుడే సోషల్ టీచర్ పుస్తకాలు చంకన పెట్టుకుని నా పక్కనుంచి గబగబా దిగి వెళ్ళిపోయింది. నేను ఎక్కిన మెట్లే ఎక్కింది, నేను దిగిన మెట్లే దిగింది, ఆరేళ్ళు పెద్దది కూడా. కోపం వచ్చింది.

సోమవారం సాయంత్రం నుంచి ఇంటివైద్యం. వాము నూనె, నొప్పుల బామ్, ఉప్పు వేసిన వేడినీళ్ళు, ఒక పారాసిటమాల్. మా అత్తయ్య పిక్కలు పిసకబోతే కెవ్వుమన్నాను. చెయ్యి వేస్తేనే ఓర్చుకోలేకపోయాను.

మంగళవారం ఇంకా ముదిరింది. ఇది రాయొచ్చో లేదో గానీ రాయకపోతే అసలు బాధ చెప్పనట్టే. మా ఇంట్లో ఉన్నది ఇండియన్ బాత్రూం. కూర్చోవడానికి గోడ, లేవడానికి కుళాయి గొట్టం. లేచేటప్పుడు ఆ గొట్టం ఊడి చేతికొస్తుందేమోనని నిజంగా భయపడ్డాను. స్కూల్లోనూ అదే రకం కాబట్టి పొద్దున్నించి మంచినీళ్ళు ముట్టలేదు. అది ఎంత తప్పో సాయంత్రం తెలిసింది.

స్టాఫ్ రూమ్‌లో పీఈటీ సార్ నా నడక చూసి, "లాక్టిక్ యాసిడ్ పేరుకుంది మేడం. ఫిజియో దగ్గర అల్ట్రాసౌండ్ పెట్టించుకోండి, రెండు సిట్టింగుల్లో లేచి పరుగెత్తుతారు" అన్నారు. ఆ మాటే ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. ఫోన్ ఎత్తింది మా అత్తయ్య. కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "ఈ వయసులో అల్ట్రాసౌండ్ ఏందమ్మాయ్? మావాడికి తెలుసా?" అంది. కడుపుకి తీసే స్కానింగు వేరు, ఇది వేరు అని సర్దిచెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. నిజం చెప్పాలంటే అప్పటికి ఆ తేడా నాకూ సరిగ్గా తెలీదు.

ఫిజియో సెంటర్ వాళ్ళు సాయంత్రం ఆరుకి రమ్మన్నారు. లోపలికి పిలిచేసరికి ఆరూ యాభై. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం, లేవడం మళ్ళీ రెండు యుద్ధాలు. సెంటర్ నడిపే సార్ నన్ను చూసింది మూడు నాలుగు నిమిషాలే. కానీ ఆ కాసేపట్లో ఆయన అడిగినవి పనికొచ్చే ప్రశ్నలు, అందుకే రాస్తున్నాను. రెండు కాళ్ళూ ఒకేలా ఉన్నాయా, ఒక్క పిక్క మాత్రమే వాచి, ఎర్రబడి, వేడిగా ఉందా? అలా ఉంటే రక్తం గడ్డ కట్టిందేమో చూడాలట, దాని మీద ఈ మిషన్ పెట్టకూడదట. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చిందా? అలా వస్తే కండరం బాగా దెబ్బతిని కిడ్నీలకి ఎసరు పెడుతుంది, ఫిజియో కాదు, నేరుగా ఆస్పత్రికి పోవాలి. నీళ్ళు తాగలేదని చెబితే ముందు ఒక గ్లాసు ఇప్పించారు. తర్వాత అక్కడి అమ్మాయి ఒక కాగితం చూసుకుంటూ, గర్భవతా, గుండెకి పేస్‌మేకర్ ఉందా, కాన్సర్ ఏమైనా వచ్చిందా, కాళ్ళలో రాడ్లు, ప్లేట్లు ఉన్నాయా, చర్మానికి స్పర్శ బాగానే తెలుస్తోందా అని అడిగింది. మొదటి ప్రశ్నకి మా అత్తయ్య గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఆ తర్వాత లెక్క. చూసినందుకు 200. అల్ట్రాసౌండ్‌కి పార్ట్‌కి ఇంత అని తీసుకుంటారని నాకు ముందు తెలీదు. పార్ట్‌కి 200. తొడలు రెండు, పిక్కలు రెండు, వెరసి నాలుగు పార్ట్‌లు, సిట్టింగ్‌కి 800. ఐదు సిట్టింగులు 4,000. ప్యాకేజీగా తీసుకుంటే 3,200కే ఇస్తామన్నారు. మెట్లు దిగినందుకు మూడు వేల రెండొందలా! నాకు కుడి కాలు కాస్త ఎక్కువ నొప్పిగా ఉంది. "కుడి కాలికి పెట్టండి చాలు, రెండో దాని సంగతి తర్వాత చూద్దాం" అన్నాను. సార్ మొహం మాడింది. అలా పిసినారితనం కొద్దీ మొదలైన ఏర్పాటు తర్వాత నాకు ఇంత పనికొస్తుందని అప్పుడు అనుకోలేదు.

నేను చేసిన మొదటి తప్పు చీర కట్టుకుని వెళ్ళడం. తొడ ముందు భాగం మొత్తం తీసి చూపించాలి. పలచటి పరదా వెనక, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, దుప్పటి కప్పుకుని పడుకోవడం నాకైతే చాలా ఇబ్బందిగా అనిపించింది. మర్నాటి నుంచి వదులు నైటీ, పైన చున్నీ వేసుకుని వెళ్ళాను. మగవాళ్ళయితే నిక్కరు వేసుకుని పోతే సరి. ఇంకొకటి, ఆడ ఫిజియో ఉందా అని ముందే ఫోన్‌లో అడిగి ఉండాల్సింది. నా అదృష్టం కొద్దీ ఉంది.

మిషన్ పెద్దదేమీ కాదు, టిఫిన్ డబ్బా కంటే కాస్త పెద్ద పెట్టె. దానికి తీగ, తీగ చివర స్నానాల గది షవర్ తలలా గుండ్రటి లోహపు బిళ్ళ. ఆ అమ్మాయి చల్లటి జెల్ పిండింది. ఫిబ్రవరి సాయంత్రం ఏసీ గదిలో ఆ జెల్ ఒంటికి తగలగానే పళ్ళు కొరుక్కున్నాను. బిళ్ళ పెట్టి చిన్న చిన్న సున్నాలు చుట్టడం మొదలుపెట్టింది. నేను ఏదో జరుగుతుందని ఊపిరి బిగబట్టాను. ఏమీ జరగలేదు. కరెంట్ పెట్టినట్టు చిమచిమలు లేవు, వేడి లేదు, శబ్దం లేదు. రెండు నిమిషాలు చూసి, "అమ్మా, ఆన్ చేశావా?" అని అడిగేశాను.

ఆ అమ్మాయి నవ్వి, బిళ్ళని తిరగేసి, దాని మీద రెండు చుక్కలు నీళ్ళు వేసింది. నీళ్ళు సన్నగా తుకతుకలాడాయి, పొయ్యి మీద పెట్టినట్టు. ముట్టుకుంటే మాత్రం వేడి లేదు. అది చూశాక నమ్మకం కలిగింది. మనకి వినిపించే శబ్దం సెకనుకి ఇరవై వేల కదలికల దగ్గరే ఆగిపోతుంది. ఈ మిషన్ పది లక్షల చొప్పున కొడుతుంది, అందుకే వినపడదు. గాలి అడ్డొస్తే అది ఒంట్లోకి దిగదు కాబట్టి జెల్ తప్పనిసరి. ఇంకో మీట నొక్కితే ముప్పై లక్షలు. అది చర్మానికి దగ్గరగా ఉన్న కండకే పనిచేస్తుందట. తొడలాంటి లోతైన చోటికి పది లక్షలే పెట్టాలట. మొదటి రోజు ఆగి ఆగి వచ్చే పద్ధతిలో పెట్టింది, అందుకే వెచ్చదనం తెలియలేదంది. తొడకి ఎనిమిది నిమిషాలు, పిక్కకి ఎనిమిది నిమిషాలు. టైమర్ కీచుమనగానే టిష్యూ కాగితం చేతిలో పెట్టింది. జెల్ మనమే తుడుచుకోవాలి. ఆ జెల్ సీసాకి వేరే 120.

లేచి నడిస్తే కుడి కాలు తేలిగ్గా ఉంది! నిజం. ఎడమ కాలు ఈడుస్తూ, కుడి కాలు ఠీవిగా వేస్తూ ఆటో దాకా నడిచాను. ఆటోకి రాను 60, పోను 60.

లెక్కల టీచర్ని కదా, ఊరుకోలేకపోయాను. పాఠ్యప్రణాళిక పుస్తకం చివరి పేజీలో కాళ్ళకి మార్కులు వేయడం మొదలుపెట్టాను, నొప్పికి పదికి ఎంత అని. మంగళవారం పొద్దున్న గుర్తు చేసుకుని కుడికి 9, ఎడమకి 8. రాత్రి ఏడున్నరకి, సిట్టింగ్ అవగానే, కుడికి 5, ఎడమకి 8. రెండొందల మీద రెండొందలు పెట్టినా దండగ కాలేదని సంతోషపడ్డాను. అన్నం తిని లేచేసరికి, తొమ్మిదింటికి, కుడికి 7. బుధవారం పొద్దున 22 మెట్లు దిగి చూసుకుంటే కుడికి 7, ఎడమకి 7. కుడిది గంటన్నరలో పెరిగింది, ఎడమది రాత్రికి రాత్రి దానంతట అదే తగ్గింది.

బుధవారం, 19న రెండో సిట్టింగ్. ఈసారి ఆపకుండా వచ్చే పద్ధతి పెట్టమన్నాను. స్క్రీన్ మీద ఒక వాట్ అని ఉంది. మూడో నిమిషం నుంచి లోపల ఎక్కడో గోరువెచ్చగా, ఇస్త్రీ చేసిన గుడ్డ కప్పినట్టు అనిపించింది. హాయిగా కళ్ళు మూసుకున్నాను. ఇంతలో ఆ అమ్మాయికి ఫోన్ వచ్చింది. ఫోన్ చెవికి పెట్టుకుని మాట్లాడుతూ, మోకాలి పైన ఒకే చోట బిళ్ళ ఆపేసింది. పదిహేను సెకన్లు కూడా కాలేదు, ఎముక లోపల ఎవరో సలసలా కాగే నూనె చుక్క వేసినట్టు పోటు. "అమ్మా!" అని కాలు లాగేసుకున్నాను. పాపం, ఆ పిల్ల బెదిరిపోయి పది సార్లు సారీ చెప్పింది. బిళ్ళ ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలి, ఆగితే ఆ చోటే వేడెక్కిపోతుంది, ఎముక మీది పొర ముందు అరుస్తుంది. ఓర్చుకుంటే మేలు జరుగుతుందనుకుని మాట్లాడకుండా పడుకునే రకం మనలో చాలామంది. అక్కడ మాత్రం అలా పడుకోకండి.

ఆ రాత్రి మా అక్క కూతురికి ఫోన్ చేశాను. బెంగళూరులో ఫిజియోథెరపీ చదువుతోంది, ఆఖరి సంవత్సరం. సంగతంతా విని మొదట చాలాసేపు నవ్వింది.

"పిన్నీ, నీకొచ్చింది డోమ్స్. ఆలస్యంగా మొదలయ్యే కండరాల నొప్పి. లాక్టిక్ యాసిడ్ అయితే ఆదివారం మధ్యాహ్నానికే పోయుండేది, అది గంటా రెండు గంటల్లో రక్తంలో కలిసిపోతుంది."

"మరి ఎక్కినప్పుడు ఏం కాలేదే?"

"ఎక్కేటప్పుడు కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు నీ తొడే బ్రేకు. సాగుతూనే నీ బరువుని ఆపాలి. అప్పుడు లోపలి సన్నటి పోగులు అక్కడక్కడ దెబ్బతింటాయి. అవి బాగుపడే క్రమంలో వాపు, నొప్పి. మొదలవడానికి ఒక రోజు, రెండు మూడు రోజుల మధ్యన బాగా ఎక్కువ, ఐదారు రోజుల్లో మాయం. నువ్వు సెంటర్‌కి పోయింది ఎప్పుడు?"

వేళ్ళ మీద లెక్కేశాను. ఆదివారం తొమ్మిదిన్నర నుంచి మంగళవారం సాయంత్రం ఏడుకి యాభై ఏడున్నర గంటలు. అంటే నొప్పి శిఖరం మీదున్నప్పుడు వెళ్ళాను. అక్కడినుంచి అది ఎటూ దిగేదే. ఎవరికి దక్షిణ ఇచ్చినా దిగేదే.

"అయితే ఇది ఉత్త మోసమా?" అని అడిగాను.

"మోసం అనకు పిన్నీ. నీకొచ్చిన ఇలాంటి నొప్పికి ఇది పనిచేస్తుందని సరైన రుజువు లేదు, అంతే. 1990లో ఒక పరిశోధనలో నొప్పి తగ్గిందని వచ్చింది. 1991లో ఇంకొకదానిలో, ఒట్టి అల్ట్రాసౌండ్ పెట్టినవాళ్ళకి నొప్పి పెరిగిందని వచ్చింది. 2001లో అమెరికా ఫిజికల్ థెరపీ పత్రికలో, రకరకాల నొప్పుల మీద చేసిన పరిశోధనల్ని కలిపి చూసి, మిషన్ ఆన్ చేసి రుద్దినా ఆఫ్ చేసి రుద్దినా పెద్ద తేడా ఉందనడానికి ఆధారం చాలా తక్కువ అని తేల్చారు. మాకు క్లాసులో ఇది చెప్తారు, ప్రాక్టికల్స్‌లో మిషన్ పట్టుకోవడమూ నేర్పుతారు" అని మళ్ళీ నవ్వింది.

నేను మొదటి రోజు "ఆన్ చేశావా" అని అడిగిన ప్రశ్న అంత పెద్ద ప్రశ్న అని అప్పుడు తెలిసింది.

గురువారం, 20న మూడోసారి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, జెల్ ఉంది, మార్కుల పట్టిక మధ్యలో ఉంది, పైగా ఆ పదహారు నిమిషాలు నన్ను ఎవరూ ఏమీ అడగరు. ఇంట్లో అంతసేపు పడుకుంటే ఊరుకుంటారా? ఆ రోజు సార్ లేరు. బిళ్ళ ఎంతుంటుంది అని ఆ అమ్మాయిని అడిగాను. శబ్దం వచ్చే భాగం ఐదు చదరపు సెంటీమీటర్లు అంది. ఐదు నిమిషాల్లో ఎంత మేరకి పెట్టాలి అంటే, దానికి రెండు మూడు రెట్లు, అంతకంటే ఎక్కువ చోటుకి తిప్పితే ఏ చోటుకీ సరిగ్గా అందదు అంది. అంటే ఎక్కువలో ఎక్కువ పదిహేను. పడుకునే నా తొడని జానెడు లెక్కన కొలిచాను. ముప్పై పొడవు, పన్నెండు వెడల్పు, 360 చదరపు సెంటీమీటర్లు. దాన్ని పదిహేనుతో భాగిస్తే 24. ఒక్కో దానికి ఐదు నిమిషాలంటే 120. ఒక్క తొడకి రెండు గంటలు. పిక్క వేరే.

"అవునాంటీ" అంది ఆ పిల్ల, మేడం పోయి ఆంటీ వచ్చింది. "ఇది చిన్న చోటికి, ఒక నరం దగ్గరో కీలు దగ్గరో వాడేది. మెట్లెక్కి వచ్చినవాళ్ళకి తొడ మొత్తం నొప్పే కదా. సార్‌కి చెప్పకండి. ఇంటికెళ్ళి మెల్లగా నడవండి, నీళ్ళు తాగండి, వేడి కాపడం పెట్టుకోండి."

ఆ రాత్రి చెప్పినట్టే చేశాను, కానీ ఎడమ కాలికి మాత్రమే. మా ఆయన వేడినీళ్ళ బ్యాగు నింపి ఇచ్చారు. పావుగంట పెట్టుకుని లేచి నడిస్తే ఎడమ కాలు అచ్చం మంగళవారం నాటి కుడి కాలిలా తేలిగ్గా ఉంది. గంటకి మామూలే. ఆ బ్యాగు మా వాడు పుట్టినప్పుడు కొన్నది.

పట్టికలో మిగతావి ఇలా ఉన్నాయి. గురువారం పొద్దున కుడికి 4, ఎడమకి 4. మూడో సిట్టింగ్ అయ్యాక కుడికి 2, వేడి బ్యాగు తర్వాత ఎడమకి 2. శుక్రవారం పొద్దున కుడికి 2, ఎడమకి 1. పైసా ఖర్చు లేని కాలే ముందు పాసైంది. ఆదివారం, 23 నాటికి రెండింటికీ సున్నా. ఒక్క మనిషి, రెండు కాళ్ళు, అదీ కుడిది మొదటే కాస్త ఎక్కువ నొప్పి. దీన్ని పరిశోధన అంటే మా హెచ్చెమ్ కూడా ఒప్పుకోరు. నాకు మాత్రం చాలు.

ఖర్చు కూడా రాసేస్తాను. చూసినందుకు 200, కుడి కాలికి మూడు సిట్టింగులు 1,200, జెల్ 120, ఆటోలు 360. మొత్తం 1,880. శుక్రవారం సెంటర్ నుంచి సార్ స్వయంగా ఫోన్ చేశారు. "మధ్యలో మానేస్తే నొప్పి తిరగబెడుతుందమ్మా" అన్నారు. తిరగబెట్టలేదు. అక్కడికి మోకాళ్ళ నొప్పులతో, పక్షవాతంతో వచ్చి, ఆ అమ్మాయి చేయించే కసరత్తులతో లేచి నడుస్తున్నవాళ్ళని ఆ మూడు రోజులూ కళ్ళారా చూశాను. వాళ్ళని పది నిమిషాలు ఎక్కువ చూసినా బాగుండేది, నా తొడ మీద సున్నాలు చుట్టే బదులు.

బుధవారం రాత్రి అక్క కూతురు ఫోన్ పెట్టేముందు ఇంకో మాట అంది. "నెలా రెండు నెలల్లోపు మళ్ళీ దిగు పిన్నీ. ఒకసారి దెబ్బతిని బాగుపడ్డ కండరం రెండోసారి అంత గొడవ చెయ్యదు." సోషల్ టీచర్ గబగబా దిగిపోవడంలో ఉన్న రహస్యం అదన్నమాట. నమ్మబుద్ధి కాలేదు, కానీ పరీక్షించబుద్ధయింది. మార్చి 22న ఆవిడతోనే మళ్ళీ ఎక్కి, 23న దిగాను. అలిపిరి దగ్గర తొడలు వణికాయి, మునుపటంత కాదు. సోమవారం రెండు కాళ్ళకీ 2, మంగళవారం 3. బాత్రూంలో గొట్టం పట్టుకోలేదు. 22 మెట్లు తిన్నగానే దిగాను. పిల్లలు కొంచెం నిరాశపడ్డట్టు కనిపించారు.

జెల్ సీసాలో ముప్పావు వంతు మిగిలిపోయి అల్మరాలో ఉండేది. మొన్న చూస్తే సగానికి వచ్చింది. మా అత్తయ్య గాని కాళ్ళకి రాసుకుంటోందేమో అనుకున్నాను. కాలేజీకి బయల్దేరే ముందు మా వాడు అద్దం ముందు నిలబడి జుట్టు నిగనిగలాడిస్తుంటే అప్పుడు అర్థమైంది. బాగానే నిలబడుతోందట, వాసన కూడా లేదట.